మూడో చెరువును నడిపిందెవరు?

"స్క్రీను మీద ఎర్రగానే ఉందండి," అంది కరుణ. "పోలీసులకి ఎన్నిసార్లు చెప్పేనో లెక్కలేదు. చివరికి రాసుకోవడం కూడా మానేసేరు."

స్టేషన్ వెనక గదిలో మాధురికి ఇచ్చిన టైము పది నిమిషాలు. మాధురి కాకినాడలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. కరుణ తండ్రి అబ్రహాము మాస్టారు నిన్న సాయంత్రం ఫోన్ చేస్తే, పొద్దున్నే బయల్దేరి వచ్చింది.

ఆమె దగ్గర ఉన్న వివరాలు తక్కువ. ఆదివారం పొద్దున్న పదింపావుకి ఐ.పోలవరం మండలంలోని ఒక రొయ్యల చెరువులో, ఆ చెరువులు నడిపే నారాయణమూర్తి చనిపోయాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు చక్రానికి తాడు చుట్టుకుంటే తియ్యడానికి దిగాడు. దిగే ముందు చక్రాలు ఆపించాడు. అతని చెయ్యి తాడులో ఉండగా అవి తిరిగాయి. మొత్తం ఎనిమిది చెరువులు. అన్నింటి చక్రాలనూ గట్టు మీద గదిలో ఉన్న ఒకే కంప్యూటరు నడుపుతుంది. దాని ముందు కూర్చునే ఉద్యోగం కరుణది. నిన్న సాయంత్రం ఆమెని హత్య కేసులో అరెస్టు చేశారు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఆ తరవాత జైలు.

"మొదట్నించీ చెప్పు."

"చెరువుల పనంతా చూసే పెదబాబు గారు గట్టు మీంచి కేకేసేరండి, మూడో చెరువు ఆపమ్మా అని. ఆఫ్ నొక్కేను. ఎర్రరంగు వచ్చింది. కిటికీలోంచి చూస్తే చక్రాలు ఆగేయి. ఆగేయండీ అని నేనూ కేకేసేను. తరవాత మేత సంగతి చూసుకుంటా కూర్చున్నాను. ఇంతలో పెదబాబు గారి అరుపు. లేచి చూసేసరికి చక్రాలు తిరుగుతన్నాయి."

"శబ్దం ముందే వినపడలేదా?"

"మిగతా ఏడు చెరువులూ తిరుగుతానే ఉన్నాయి కదండి. ఆ హోరులో ఇంకో చెరువు కలిసినా తెలీదు."

"చూశాక మళ్ళీ ఆఫ్ ఎందుకు నొక్కలేదు?"

కరుణ చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"స్క్రీను చూసేనండి. ఎర్రగా ఉంది. ఆగిపోయినదాన్ని మళ్ళీ ఆపడమేంటి అనిపించింది. బయటికి పరిగెత్తేను. నొక్కుంటే ఆగేదేమో కదండి?"

మాధురి "శుక్రవారం గొడవేంటి?" అని అడిగింది.

"ఆక్సిజన్ పడిపోతే చూసుకోలేదని మూర్తిగారు అందరి ముందూ తిట్టేరండి. మీ సంగతి చూస్తానన్నాను. చూట్టానికి నా దగ్గరేముందండి? నాన్నగారితో చెప్పి మానేద్దామనే."

"ఆ కంప్యూటరు ఇంకెవరు ముట్టుకుంటారు?"

"ప్రోగ్రాం రాసిన వినయ్ గారొక్కరేనండి. అమలాపురంలో షాపుంది ఆయనకి. ఆదివారం రాలేదు."

కానిస్టేబులు తలుపు కొట్టాడు. మాధురి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర అబ్రహాము మాస్టారు నిలబడి ఉన్నాడు. రిటైరై మూడేళ్ళయినా చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఉంది.

"రెండింటికంటమ్మా," అన్నాడు.

"ఆయ్, తెలుసు మాస్టారూ. మీరు ఇక్కడే ఉండండి. నేను చెరువుల దగ్గరికి వెళ్తున్నాను."

దారిలో వినయ్‌కి ఫోన్ చేసి రమ్మంది. పనుందన్నాడు. పోలీసు జీపు పంపించనా అని అడిగితే, బండి మీద వస్తానన్నాడు.

* * *

సి.ఐ. సత్యప్రసాద్ గట్టు మీద ఆమె కోసం ఎదురు చూస్తున్నాడు.

"రండి మేడం. రాజోలు కేసులో నా ముద్దాయిని విడిపించేరు. ఇక్కడా విడిపిస్తారని తెలిసి ముందే కుర్చీ వేయించేను."

"కూర్చునే టైము లేదండి. గది చూడాలి."

"చూడండి. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి."

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కంప్యూటరు, గోడకి మోటార్లకి కరెంటు కలిపే రిలేల పెట్టె. చెరువుల వైపు ఒక కిటికీ, అటు పక్క ఒకే గుమ్మం. గుమ్మం మీద కెమెరా.

"తొమ్మిదింటికి కరుణ లోపలికెళ్ళింది," అన్నాడు సి.ఐ. "మూర్తి పోయేదాకా ఇంకో మనిషి ఆ గుమ్మం తొక్కలేదు. కెమెరాలో నేనే కూర్చుని చూసేను. కంప్యూటర్ని ఆదివారమే ఆపేయించేను, ఎవరూ చెయ్యి పెట్టకుండా."

మాధురి బల్ల కిందికి వంగింది. డబ్బాలో ఫ్యాను తిరుగుతోంది. ముందు దీపం వెలుగుతోంది.

"మీరు ఆపింది తెరనండి. కంప్యూటరు నడుస్తూనే ఉంది."

సి.ఐ. కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు గోడ వైపు చూశాడు.

"సరే, తెర వెయ్యి," అన్నాడు సి.ఐ.

తెర మీద ఎనిమిది గళ్ళు కనిపించాయి. ఏడు పచ్చగా ఉన్నాయి. మూడోది ఎర్రగా ఉంది. మాధురి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మూడో చెరువులో చక్రాలు తిరుగుతున్నాయి.

"సి.ఐ. గారూ, ఒకసారి ఇటు రండి. ఇప్పుడు స్క్రీను చూడండి."

ఆయన రెండూ చూశాడు. మళ్ళీ చూశాడు.

"చదువుకున్న పిల్ల. కంప్యూటర్ని ఏదో చేసుంటది."

"ఆదివారం పెదబాబు మెయిను తీసి, శవాన్ని గట్టెక్కించాక మళ్ళీ వేశాడట. వెయ్యగానే ఈ చక్రాలు తిరిగాయట. అంటే లోపల ఆన్‌లో ఉంది, తెర మీద ఆఫ్‌లో ఉంది. అప్పట్నుంచి ఎవరూ ముట్టుకోలేదని మీరే అంటున్నారు. ఆమె చెప్పింది నిజమేగా?"

"మేడం, నేను తిరకాసు మాటలు వినను." సి.ఐ. మౌసు తనే పట్టుకున్నాడు. మూడో గడిలో ఆఫ్ నొక్కాడు. కిటికీ అవతల చక్రాలు నెమ్మదించి ఆగిపోయాయి. "చూసేరా? నొక్కితే ఆగింది. నొక్కితేనే తిరుగుద్ది. నొక్కే చెయ్యి ఈ గదిలో ఒక్కటే ఉంది. ఆ మూర్తి వాళ్ళన్నయ్య జగ్గారావు కువైట్ నించి పూటకి రెండు ఫోన్లు. శుక్రవారం దాకా టిక్కెట్టు లేదు. తమ్ముడి శవం మార్చురీలో ఉంది. ఏమైందండీ కేసు, ఏమైందండీ అని ఏడుస్తాడు. ఆయనకి ఎర్రరంగు, పచ్చరంగు అని కథలు చెప్పమంటారా?"

"నిజం చెప్పమంటాను."

"ఇవాళ రెండింటికి చెప్తాను, కోర్టులో." టేపు అడిగి తీసుకున్నాడు. "చక్రానికీ గట్టుకీ దూరం కొలవాలి. ప్లానులో వెయ్యాలి. నేనే దిగుతాను. మావాళ్ళకి ఈత రాదు."

"మెయిను తీయించి దిగండి."

పెదబాబు గుమ్మం బయటే ఉన్నాడు. ఆ మాట వినగానే లోపలికి తొంగి చూశాడు.

"అంత పని చెయ్యకండి బాబూ. మెయిను తీస్తే కంప్యూటరొక్కటే నడుస్తది, దాని లైను వేరు; చక్రాలు ఎనిమిదీ ఆగిపోతాయి. ఆదివారం తీసినందుకే రెండు చెరువుల్లో రొయ్య చచ్చి తేలింది. ఈ మబ్బుకి అసలే గాలి అందడం లేదు."

"మూడో చెరువుకి విడిగా ఫ్యూజు లేదా?" అంది మాధురి.

"ఉండేదండి. గట్టు మీద చెరువుకో పెట్టె. నీళ్ళలోకి దిగేవోడు తన చేత్తో ఫ్యూజు పీకి, మొల్లో దోపుకుని దిగేవోడు. పైకొచ్చాక వాడే పెట్టేవోడు. ఇంకోడి చేతికి ఇచ్చేది లేదు. కంప్యూటరొచ్చేక ఆ పెట్టెలు తీయించేసేరు. ఇప్పుడు కేకేస్తే చాలు కదండి, అమ్మాయి ఆపేత్తది."

"విన్నారుగా," అంది మాధురి సి.ఐ.తో.

"విన్నాను. ఇదిగో, మీ భయం తీరేలా చేస్తాను." తెర మీద ప్రోగ్రాంని మూసేశాడు. ఎనిమిది గళ్ళూ మాయమయ్యాయి. అందరినీ బయటికి పంపి, తలుపుకి తాళం వేసి, తాళం మీద సీలు వేయించాడు. తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. "ఇంక నొక్కాలంటే దయ్యం రావాలి."

పంట్లాం మోకాళ్ళ పైకి మడుచుకుని చెరువు వైపు నడిచాడు.

* * *

వినయ్ వచ్చేటప్పటికి పన్నెండు దాటింది. పాతికేళ్ళవాడు. గది అరుగు మీద మాధురి పక్కన కూర్చోమంటే నిలబడే ఉన్నాడు.

"గడి ఎర్రగా ఉంది, చక్రం తిరుగుతోంది. కళ్ళారా చూశాను. ఎలా?"

"హ్యాంగై ఉంటదండి."

"హ్యాంగయితే ఇందాక ఆఫ్ నొక్కినప్పుడు ఆగకూడదు. ఆగింది."

వినయ్ తన బండి వైపు చూశాడు.

"బండి ఎక్కడికీ పోదులే. ఆ తెర కాకుండా చక్రాన్ని తిప్పగలిగేది ఇంకేముంది అందులో?"

"ఏం లేదండి."

"రెండింటికి కరుణని జైలుకి పంపుతున్నారు. తెలుసా?"

"తెలుసండి."

"హత్య కేసు. బెయిలు ఇప్పట్లో రాదు. స్టేషన్ గేటు దగ్గర ఆమె తండ్రి నిలబడి ఉన్నాడు. అక్కడికి నిన్ను తీసుకెళ్తాను. ఏం లేదండి అని ఆయనతో చెప్పు."

వినయ్ కూర్చున్నాడు.

"ప్రోగ్రాంలోనే ఒక వెబ్ సర్వరు పెట్టేనండి. తెర మీద కనపడేవన్నీ ఫోన్లో కూడా కనపడతాయి. ఇంటర్నెట్టు ఉంటే ఎక్కణ్ణించైనా. మోటార్లకి కరెంటు వెళ్తందా లేదా అన్నదీ ఆ ఫోన్లో తెలుస్తది."

"చూడటానికేనా, నొక్కడానికా?"

"మొదట చూట్టానికేనండి. తరవాత బొత్తాలు కూడా పెట్టమన్నారు."

"ఎవరు?"

వినయ్ మళ్ళీ బండి వైపు చూశాడు. మాధురి ఆ ప్రశ్న పక్కన పెట్టింది.

"సరే. ఫోన్లో నొక్కితే ఇక్కడ తెర మీద రంగెందుకు మారలేదు?"

"అదేనండి నా తప్పు. తెరా, సర్వరూ మొదట కలిపే నడిపేను. ఎవరైనా ఫోన్లో తెరిచినప్పుడల్లా ఇక్కడ తెర బిగుసుకుపోయేది. మౌసు కదిలేది కాదు. హోటల్లో ఒక్కడే పెనం మీద దోసెలేస్తా, వాడే వడ్డిస్తా ఉంటే పెనం మీదది మాడిపోద్ది కదండి. అలాగ. అందుకని ఇద్దర్ని పెట్టేను. తెర పని ఒకడికి, ఫోను పని ఒకడికి. ఇద్దరూ ఒకే మోటారు మీద చెయ్యి వెయ్యొచ్చు. కానీ ఫోను వైపోడు చేసింది తెర వైపోడికి చెప్పాలి. ఆ ముక్క రాయలేదండి."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"రెండు నెలలైందండి. రాద్దాం, రాద్దాం అనుకుంటానే ఉన్నాను. ఒకే టైములో ఇద్దరు నొక్కరులే అనుకున్నాను."

"పాస్‌వర్డు?"

"పెడితే మర్చిపోతన్నానన్నారండి. తీసేసేను. ఆ అడ్రసు ఒక్కరికే తెలుసు."

"కరుణకి?"

"తెలీదండి. పెదబాబు గారికీ తెలీదు. గట్టు మీద ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్తే కుర్రాళ్ళు జాగ్రత్త పడిపోతారు, అసలు బండారం బయటపడదన్నారు."

"మూర్తికి?"

"తెలీదండి." వినయ్ గొంతు తగ్గింది. "మూర్తిగారిక్కూడా చెప్పొద్దన్నారు."

మాధురి అతని వైపు తిరిగి కూర్చుంది. "నీకు ఆదివారమే అర్థమైంది. మూడు రోజులు నోరు మూసుకున్నావు. నీ తప్పు బయటపడుతుందనా?"

"అదీ ఉందండి. లేదని ఎలా అంటాను? కానీ అదొక్కటే కాదు. నేను చెప్తే ఇంకో మనిషి బతకడండి. ఆ మనిషికి ఇప్పటికీ తెలీదు."

"తెలీదా? తను నొక్కినట్టు తెలీదా?"

"నొక్కినట్టు తెలుసండి. అప్పుడు చెరువులో మనిషున్నట్టు తెలీదు."

మాధురి తాళం వేసిన తలుపు వైపు చూసింది. తరవాత, చిన్న అనుమానం తీర్చుకుంటున్నట్టు అడిగింది.

"ఇప్పుడు ప్రోగ్రాం మూసేసి తాళం వేశారు. ఫోను ఇంక పనిచెయ్యదు కదా?"

"మూసేరంటే? పైన మూల ఇంటూ గుర్తు నొక్కేరా?"

"అవును."

వినయ్ లేచి నిలబడ్డాడు. "అది నొక్కితే తెర మీంచి పోద్దంతేనండి. లోపల సర్వరు నడుస్తానే ఉంటది. ఎవరైనా పొరపాట్న మూసేస్తే చెరువులు ఆగిపోకూడదని నేనే అలా రాసేను. ఎందుకండి, ఏ చెరువైనా ఆపేరా?"

"మూడోది. అరగంటైంది."

"ఈ మబ్బులోనా? ఆక్సిజన్ మూడు కంటే దిగిందంటే ఆ ఫోన్లో గంట మోగుద్దండి. మోగితే ఆయన..."

మాధురి చెరువు వైపు చూసింది. సి.ఐ. సత్యప్రసాద్ నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. ఒక చేత్తో చక్రం చట్రాన్ని పట్టుకుని, రెండో చేత్తో టేపు కొస దానికి తగిలిస్తున్నాడు. పెదబాబు గట్టు మీద టేపు రెండో కొస పట్టుకున్నాడు.

"బయటికి రండి!" అని అరిచింది. ఏడు చెరువుల హోరులో ఆ కేక అరుగు దాటలేదు.

మెయిను స్తంభం మూడో చెరువు కంటే దగ్గర. ఆమె అటు పరిగెత్తింది. సగం దూరంలో ఉండగా సి.ఐ. తల ఒక్కసారి వంగడం చూసింది. చక్రాలు తిరిగాయి. టేపు పెదబాబు చేతిలోంచి జారిపోయింది. మాధురి పెట్టె తలుపు లాగి మెయిను కిందికి దించింది.

ఎనిమిది చెరువులూ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో సి.ఐ. అరుపు వినపడింది. అంటే మనిషి ఉన్నాడు.

పెదబాబు, ఇద్దరు కానిస్టేబుళ్ళు కలిసి ఆయన్ని గట్టెక్కించారు. మోచేతి కింద చర్మం లేచిపోయింది. టేపు మణికట్టుకి నాలుగు చుట్లు బిగిసి ఉంది. ఇంకో నాలుగు చుట్లు పడి ఉంటే ఆయన తల చట్రానికి కొట్టుకునేది. పెదబాబు కత్తితో టేపు కోశాడు. సి.ఐ. నీళ్ళు కక్కి, గది వైపు చూశాడు. తలుపు మూసే ఉంది. సీలు సీలులాగే ఉంది.

"తాళంచెవి నా జేబులో ఉంది," అన్నాడు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. చెయ్యి మాత్రం జేబులోకి వెళ్ళి తడుముకుంది.

"కరుణ మీ స్టేషన్‌లో ఉంది," అంది మాధురి.

సి.ఐ. ఆమెకేసి చూశాడు. ఏదో అనబోయాడు. అప్పుడే పెదబాబు చొక్కాలో ఫోను మోగింది. తీసి చూశాడు.

"కువైట్ నించండి. జగ్గారావు గారు."

వినయ్ అప్పుడే అక్కడికి చేరాడు. ఆ పేరు వినగానే గట్టు మీద చతికిలబడ్డాడు. మాధురి అతన్ని చూసింది. ఇంక అడగాల్సింది లేదు.

"స్పీకర్లో పెట్టు," అంది పెదబాబుతో.

"ఒరే పెదబాబూ!" జగ్గారావు గొంతు గట్టంతా వినపడింది. "మూడో దాంట్లో ఆక్సిజన్ రెండున్నరకి దిగిపోయిందిరా. చక్రాలు ఆపుకుని ఏం చేస్తన్నార్రా అక్కడ? నేను వేసేను. వేసేనో లేదో, మొత్తం ఎనిమిదీ ఆపేసేరు. నా తమ్ముడు పోయేడని చెరువులు కూడా చంపేత్తార్రా?"

సి.ఐ. ఎడం చేత్తో ఫోను అందుకున్నాడు. కుడి చేతి నుంచి రక్తం మోకాలి మీద పడుతోంది.

"జగ్గారావు గారూ, నేను సి.ఐ.ని. మీరు వేసేనంటున్నారేంటి?"

"మీరాండీ, నమస్కారమండి. కోపంలో ఉన్నాను, ఏమనుకోకండి. వేసేనంటే ఫోన్లోనండి. వినయ్ పెట్టిచ్చేడు. ఇక్కడ నొక్కితే అక్కడ తిరుగుద్ది. మన కుర్రాళ్ళు పట్టించుకోరు కదండి, మరి నేను చూసుకోవాలి కదా."

సి.ఐ. కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఆదివారం పొద్దున్న, మనకి పదింపావుకి..."

"మాకు ఏడూ ముప్పావండి. డ్యూటీ బస్సులో ఉన్నాను."

"అప్పుడు మూడో చెరువు మీరే వేసేరా?"

"ఆయ్, నేనేనండి. ఫోన్లో గంట మోగింది. మూర్తికి ఫోన్ చేసేను, ఎత్తలేదు. మళ్ళీ చేసేను, ఎత్తలేదు. వీడెక్కడో కబుర్లలో పడ్డాడులే అని నేనే వేసేసేను. నేను వేసేక ఆ పిల్ల ఆపి, వాణ్ణి దింపి మళ్ళీ వేసిందో ఏంటో, మరో అరగంటకి కబురొచ్చింది. అదే మీరు తేల్చాలండి. ఏమైందండీ కేసు? ఆ పిల్లని ఇవాళ జైలుకి పంపుతారా?"

పెదబాబు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సి.ఐ. ఫోను మీద అరచెయ్యి మూశాడు. కానిస్టేబుల్ని పిలిచాడు. "స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. ఆ అమ్మాయిని జీపు ఎక్కించొద్దని చెప్పు. నేను చెప్పేనని చెప్పు. ఆ మాస్టార్ని లోపల కూర్చోబెట్టమను." కానిస్టేబులు పక్కకి వెళ్ళాక ఫోను మాధురి వైపు చాపాడు.

"కేసు మీరు తేల్చేరు మేడం. మీరే చెప్పండి. నా వల్ల కాదు."

మాధురి తీసుకుంది. స్పీకరు ఆపి చెవి దగ్గర పెట్టుకుంది.

"జగ్గారావు గారూ, నా పేరు మాధురి. మీతో ఒక మాట చెప్పాలి. మీ గదిలో పక్కన ఎవరైనా ఉన్నారా?"

"రూములో మన జొన్నాడ కుర్రాడున్నాడమ్మా. ఎందుకు?"

"ఆయన్ని వచ్చి మీ దగ్గర కూర్చోమనండి."

"కూర్చుంటాడులే అమ్మా, ముందు మీరు ఆ చక్రాలు వేయించండి. రొయ్య తేలిపోద్ది. వాడు కష్టపడి పెంచిన పంట, అదైనా దక్కాలి కదా. ఇక్కణ్ణించి నొక్కుతానే ఉన్నానమ్మా. ఎన్నిసార్లు నొక్కినా తిరగటం లేదు."